బుగ్గ పగిలింది

"నా బుగ్గ పగిలిందని రాశాడండీ. ఇది బెదిరింపు కాదా?" అంది నీహారిక.

ఇబ్రహీంపట్నం పోలీస్ స్టేషన్లో కానిస్టేబుల్ యమున టీ గ్లాసు కింద పెట్టి, ఆ అమ్మాయి ఎడమ బుగ్గ చూసింది. తర్వాత కుడి బుగ్గ చూసింది. రెండూ క్షేమంగానే ఉన్నాయి. కోపానికి కాస్త ఎర్రబడ్డాయంతే.

"ఎవరు రాసిండు?"

"లైటు అమ్మేవాడు. ఆన్‌లైన్లో."

"ఏం లైటు?"

"స్కూటరు లైటండీ."

"స్కూటరుండంగ లైటొక్కటే ఎందుకు కొన్నవమ్మా?"

"స్కూటరు లేదండీ. లైటు మాదే."

యమున కుర్చీ ముందుకు జరుపుకుంది. పొద్దున్నుంచీ ప్లాట్ల హద్దుల గొడవలు విని ఆమె చెవులు మొద్దుబారిపోయాయి. ఊరి చుట్టూ వెంచర్ల బోర్డులు లేచిన దగ్గర్నుంచి స్టేషనుకి వచ్చేవాళ్ళందరూ గజాల గురించే మాట్లాడుతున్నారు. బుగ్గ గురించి మాట్లాడే మనిషి రావడం ఆమెకి పెద్ద ఊరట.

"మొదటి నుంచి చెప్పు తల్లీ."

నీహారిక చెప్పింది. వాళ్ళది మన్నెగూడ. పుట్టిన ఊరు భీమవరం దగ్గర. ఉద్యోగం ఆదిభట్లలో. తండ్రి వెంకటసుబ్బారావు దగ్గర ఒక పాత స్కూటరుండేది. ఆయన భార్య ఆ స్కూటరు వెనక కూర్చునే ఈ నగరాన్నంతా చూసింది. ఆవిడ పోయాక ఆయన బండి తీయలేదు. చివరికి అమ్మేశాడు. కానీ కొన్నవాడు వచ్చే ముందు హెడ్‌లైటు ఊడదీసి, తువ్వాల్లో చుట్టి అటక మీద పెట్టుకున్నాడు. "లైటేదండీ?" అని కొన్నవాడు అడిగితే, "మొదట్నుంచీ లేదు" అన్నాడు. ముప్ఫై ఏళ్ళు బ్యాంకులో పనిచేసిన మనిషి చెప్పిన మొదటి అబద్ధం అదేనని నీహారిక నమ్మకం.

ఆదివారం ఆయనకి అరవై నిండుతాయి. పక్కన భార్య లేనిదే షష్టిపూర్తి ఉండదు కనక, ఇంట్లో ఏ సందడీ వద్దని ముందే చెప్పేశాడు. అందుకే నీహారిక ఆ లైటుని అటక మీంచి దొంగతనంగా దింపి, ఫోనులో కనిపించిన ఒక పేజీ వాళ్ళకి పంపించింది. పాత హెడ్‌లైట్లని బల్ల మీద పెట్టుకునే దీపాలుగా మారుస్తారట. డబ్బు కూడా ముందే కట్టింది.

కట్టాక ఆ పేజీ మూగబోయింది. డబ్బు అందుకున్న పేరేమో నాగులమ్మ అని వచ్చింది. ఆ నంబరుకి ఫోను చేస్తే ఒక పెద్దావిడ ఎత్తింది.

"మా లైటు ఇంకా రాలేదండీ," అంది నీహారిక.

"మాకు గూడ రాలె బిడ్డా. పొద్దుగాల పోయింది."

"ఎక్కడికి పోయింది?"

"యాడికి పోతదో మనకు చెప్పి పోతదా? గాలొస్తె పోతది, వానొస్తె పోతది."

"నేను డబ్బులు కట్టానండీ!"

"కట్టకుంటె ఊకుంటరా? వైరే కోసిపోతరు."

ఇది మామూలు మోసం కాదని, పెద్ద ముఠా అని నీహారికకి అప్పుడే అర్థమైంది. మర్నాడు ఆ పేజీ నుంచే ఈ మెసేజి వచ్చింది.

యమున ఫోను అందుకుని పైకి చదివింది. "మీ బుగ్గ పగిలింది మేడం. అసొంటిది దొర్కుతలేదు. కొత్తది పెడ్త. జర ఆగుండ్రి."

చదివి ఫోను బల్ల మీద పెట్టింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. హద్దుల గొడవకి వచ్చినవాళ్ళు కూడా గొడవ ఆపి ఇటు చూశారు.

"బుగ్గ అంటె బల్బు తల్లీ! కరెంటు బుగ్గ!"

"బుగ్గంటే బుగ్గ కదండీ?" నీహారిక చెయ్యి తెలీకుండానే చెంప మీదికి వెళ్ళింది.

"గది మీ దిక్కు. అయినా కొత్తది పెడ్త అన్నప్పుడన్న అనుమానం రాలేదా? బుగ్గ కొత్తది ఎట్ల పెడ్తడు?"

"ఆస్పత్రిలో కొత్తది పెట్టించుకోవాల్సి వచ్చేదాకా కొడతాడేమో అనుకున్నానండీ."

యమున మళ్ళీ నవ్వింది. నీహారికకి సిగ్గు ముంచుకొచ్చింది కానీ, వెనక్కి తగ్గలేదు. బుగ్గ సంగతి సరే, లైటేదీ? నాన్న ఆదివారం పొద్దున అటక ఎక్కితే ఏమిటి గతి?

యమున ఆ నంబరుకి ఫోను చేసిన కాసేపటికే ఒక యువకుడు వానలో తడుస్తూ పరుగెత్తుకొచ్చాడు. చొక్కా నిండా పాలిష్ మరకలు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. కళ్ళు మాత్రం దొంగ కళ్ళలా లేవు. అదే నీహారికకి అనుమానంగా తోచింది.

"మీరేనా నాగులమ్మ?" అంది.

"గది మా అమ్మ. నేను ధర్మేందర్. ఫోను, అకౌంటు అమ్మ పేరు మీదున్నయి. అమ్మ మా చెల్లెలింటికి పొయ్యేటప్పుడు ఫోను గూడ పట్కపోయింది. మీరు కరెంటాఫీసోళ్ళని అనుకున్నదంట."

"నా లైటు?"

"నా దుకాణంల ఉన్నది. బుగ్గ ఒక్కటి పగిలింది."

"ఎవరు పగలగొట్టారు?"

"నేనే. చెయ్యి జారింది."

నీహారిక రాత్రంతా పోట్లాటకి మాటలు సిద్ధం చేసుకుంది. అవన్నీ ఎదుటివాడు అబద్ధం ఆడితే పనికొచ్చేవి. ఇలా ఒప్పేసుకునేవాడి మీద వాడటానికి ఒక్కటీ లేదు.

"ఇంకో బల్బు పెట్టొచ్చుగా?"

"పెట్టొచ్చు. ఎల్‌ఈడీ పెడితె అయిపోతుండె. 'లోపల ఏదీ మార్చకండి' అని మీరే రాసిన్రు. గా బుగ్గ ఇప్పుడు తయారైతలేదు. బీటెక్ చదివినప్పుడు గూడ నేనింతగనం తిరగలె."

నీహారిక నేల వైపు చూసింది. యమున ఫిర్యాదు కాగితం మడిచి సొరుగులో పెట్టింది.

"ఇది నాతాన్నే ఉంటది. లైటు చేతికొచ్చినంక ఇద్దరు కల్సి రాండ్రి, చింపేస్త. ఫికర్ చెయ్యకు తల్లీ."

"నేను కూడా వెతకడానికి వస్తాను," అంది నీహారిక. "నాకు ఇతని మీద నమ్మకం లేదు."

"నాక్కూడ నా మీద లేదు మేడం. చెయ్యి జారినకాడికెల్లి," అన్నాడు ధర్మేందర్.

ఆ రోజు నుంచి సాయంత్రం ఆఫీసు వదలగానే ఇద్దరూ చెరో బండి మీద పాత సామాను దుకాణాలు తిరిగారు. నమ్మకం లేని మనిషి కాబట్టి నీహారిక అతన్ని కంట కనిపెట్టుకుని ఉండాల్సి వచ్చింది. అలా కనిపెట్టీ కనిపెట్టీ, అతను నవ్వేటప్పుడు ముందు కళ్ళు నవ్వుతాయని, తర్వాత మూతి నవ్వుతుందని కూడా కనిపెట్టింది. దర్యాప్తులో ఇలాంటి అనవసరమైన వివరాలు చాలా బయటపడతాయి.

తుక్కుగూడలో మెకానిక్ ముత్యాలు దగ్గరికి వెళ్ళిన రోజు వాన దంచి కొట్టింది. రేకుల కింద ఇద్దరూ నిలబడ్డారు. చోటు తక్కువ, వాన ఎక్కువ.

"మీరు వేసుకునే దాన్ని కూడా ఏదో అంటారటగా?" అంది నీహారిక అతని చొక్కా చూపిస్తూ.

"అంగి."

"జేబురుమాలు?"

"దస్తీ."

"ఇంకా ఇలాంటివి ఎన్నున్నాయి? ముందే చెప్పండి. మళ్ళీ స్టేషనుకి వెళ్ళే ఓపిక లేదు నాకు."

"మస్తుగున్నయి. ఒక్కరోజుల చెప్తె ఒడవయి," అన్నాడు ధర్మేందర్.

వాన తగ్గగానే అతను లోపలికి వెళ్ళి ముత్యాలుతో మాట్లాడి వచ్చాడు. "లేదంట. రేపు వేరేకాడ చూద్దాం," అన్నాడు.

లేదన్నందుకు నీహారికకి దిగులేసింది. రేపు అన్నందుకు వెయ్యలేదు. ఒకే గుండెలో రెండూ ఎలా ఉన్నాయో ఆమె ఆలోచించలేదు. ఆ వయసులో ఎవరూ ఆలోచించరు. ప్రతి రేపూ ఉండి తీరుతుందనుకుంటారు.

ఇంట్లో మాత్రం ఆమె ప్రాణం నిలవలేదు. తండ్రి అటక వైపు కళ్ళెత్తితే చాలు, కాఫీ తాగుతావా నాన్నా అనేది. పాపం, ఆ వారం ఆయన చాలా కాఫీ తాగాడు. అటక ఎక్కే స్టూలుని తన మంచం కింద దాచేసింది.

శనివారం మధ్యాహ్నం ఆఫీసులో ఫోను మోగింది. 'నాగులమ్మ ఫ్రాడ్' అని తెర మీద పేరు పడింది. మార్చడం మర్చిపోయింది మరి.

"బిడ్డా, నేను ధర్మేందర్ వాళ్ళమ్మని. నిన్న ఇంటికొచ్చిన. నీ లైటు మా దేవునర్రల పెట్టిండు, ఎప్పుడు తీస్కపోతవ్? నాకు దీపం పెట్ట జాగ లేదు."

"లైటు... తయారైందా?"

"బుగ్గ బుధారమే దొరికెనంట కద, తుక్కుగూడల. ఒక్కటడుగుత బిడ్డా, నువ్వన్న చెప్పు. పాత సామాన్ల దుకాణం పొయ్యేటందుకు గీ పోరడు రోజు ఇస్త్రీ అంగి ఎందుకేస్కుంటుండు?"

నీహారిక ఫోను పెట్టేసి, తెర మీది 'ఫ్రాడ్' అన్న మాట వంక చూసింది. 

నిజాయితీగా తిరిగినన్నాళ్ళూ ఆ మనిషిని దొంగ అంది. పోలీసుల దాకా లాగింది. మోసం మొదలుపెట్టిన రోజు నుంచి నమ్మింది.

సాయంత్రం ఎప్పటిలాగే అతను మన్నెగూడ చౌరస్తాలో బండి ఆపుకుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా.

"రావిర్యాల పోదామా మేడం? ఆడ ఒకాయన దగ్గరున్నదంట."

"అంత దూరం ఎందుకు? మీ దేవుడి గదిలో చూద్దాం," అంది నీహారిక.

ధర్మేందర్ బండి స్టాండు వేసి దిగాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక రెండు జేబుల్లోనూ పెట్టుకున్నాడు.

"మోసమే చేసిన," అన్నాడు.

"ఎందుకు?"

"లైటిచ్చినంక మీరు మళ్ల ఎందుకొస్తరు? ఇంకో లైటు తెచ్చేటందుకు ఒక్క ఇంట్ల రెండు స్కూటర్లుండయి కద."

"నన్నే అడగొచ్చుగా?"

"ఏమని అడగాలె? మనం కలిసింది పోలీస్ స్టేషన్ల. నా మీద దరఖాస్తు ఇంక సొరుగులనే ఉన్నది."

వేరే రోజైతే ఆమెకి నవ్వొచ్చేది. ఇవాళ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"బుధవారం నుంచి నాకు నిద్ర లేదు, తెలుసా? స్టూలు దాచుకుని కూర్చున్నాను. మా అమ్మ గుర్తుగా ఆయన దగ్గర ఉన్నది అదొక్కటే. మీకేమో అది నాతో తిరగడానికి ఒక సాకు!"

ధర్మేందర్ జేబుల్లోంచి చేతులు తీసేశాడు.

"రేపు పొద్దున తెచ్చి ఇంట్లో ఇచ్చేయండి. ఆ తర్వాత మీరెవరో, నేనెవరో."

ఆమె బండి తిప్పుకుని వెళ్ళిపోయింది. లారీల మధ్య ఆమె వెనక దీపం కనిపించినంతసేపూ అతను చూశాడు. కనిపించకుండా పోయాక కూడా చూశాడు. వెళ్ళేవాళ్ళు వెనక్కి తిరిగి చూస్తే నిలబడ్డవాళ్ళ కష్టం సగమవుతుంది. కానీ కోపంలో ఉన్నప్పుడు ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఆదివారం పొద్దున ధర్మేందర్ వచ్చాడు. వెంకటసుబ్బారావు తలుపు తీశాడు. నీహారిక ఇద్దరికీ దూరంగా గోడకి ఆనుకుని నిలబడింది.

అట్టపెట్టె విప్పి, లైటుని బల్ల మీద పెట్టాడు. గుండ్రటి అద్దం, దాని చుట్టూ వెండిలా మెరిసే అంచు. కింద చిన్న చెక్క పీట. పీట మీద స్కూటరు హ్యాండిల్ మీద ఉండే మీటలాంటిదే బిగించాడు, లైటు ఎగువకీ దిగువకీ మార్చడానికి.

వెంకటసుబ్బారావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. అటక వైపు ఒకసారి, కూతురి వైపు ఒకసారి చూశాడు. స్విచ్ వేశాడు. పసుపు పచ్చటి వెలుగు గోడ మీద పడింది.

ఆయన బొటనవేలు మీట మీదికి దానంతట అదే వెళ్ళింది. కిందికి, పైకి. కిందికి, పైకి.

"సందు మలుపు తిరుగుతూ ఇలా రెండుసార్లు కొట్టేవాణ్ణి," అన్నాడు. "వంటింటి కిటికీలోంచి చూసి మీ అమ్మ పెనం మీద అట్టు పోసేది. నేను బండి పెట్టి లోపలికి వచ్చేసరికి వేడివేడిగా కంచంలో ఉండేది."

అని వంటింటి వైపు చూశాడు. చూసి, తల తిప్పేసుకున్నాడు.

నీహారిక లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగించింది.

"బాగా చేశావు బాబూ," అన్నాడు వెంకటసుబ్బారావు. "ఎప్పటికి పూర్తయింది?"

నిన్న అనొచ్చు. ఇప్పుడే అనొచ్చు. ఆ ఇంట్లో అడిగేవాళ్ళు లేరు.

"బుధారమే అయింది సార్. నేనే ఇయ్యలె. దొర్కలేదని అబద్ధం చెప్పి మేడంను తిప్పిన."

వంటింట్లో గరిట చప్పుడు ఆగింది.

"ఎందుకు?"

"ఇస్తె మళ్ల కనపడదని."

వెంకటసుబ్బారావు లైటు ఆర్పాడు. మళ్ళీ వేశాడు.

"దానికి తెలుసా?"

"తెల్సింది. నిన్న మస్తు కోపం చేసింది. ఇయ్యాలటికెల్లి మీరెవరో నేనెవరో అన్నది. తప్పు నాదే సార్. లైటు సూస్కోండ్రి, నేను పోత."

"కూర్చో. వస్తువు ఇచ్చేసి పోతే ఎలా? గ్యారంటీ ఉందా దీనికి?"

"ఉన్నది సార్."

"పాడైతే?"

"నేనే వచ్చి చేస్త."

"పాడవకముందే చూసుకోవాలంటే ఎన్నాళ్ళకోసారి రావాలి?"

"రోజు..." అని నాలుక కరుచుకుని, "వారానికోసారి సార్," అన్నాడు ధర్మేందర్.

వెంకటసుబ్బారావు వంటింటికి వినపడేలా గొంతు పెంచాడు. "అమ్మాయ్! బల్ల మీద దీపానికి వారానికోసారి సర్వీసింగంటున్నాడు ఇతను. ఇందులో కూడా మోసం ఏమన్నా ఉందేమో చూడు."

లోపల్నుంచి పిండి పెనం మీద పడ్డ చుయ్‌మన్న చప్పుడు వచ్చింది. ధర్మేందర్ గుమ్మం వైపు, తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

"మోసమే నాన్నా," అంది నీహారిక గొంతు. "అంత పాత లైటుని వారానికి రెండుసార్లన్నా చూడకపోతే ఎలా?"

వెంకటసుబ్బారావు పక్క కుర్చీ జరిపి ఆ అబ్బాయికి చూపించాడు.

"అయితే పెనం దించకు," అన్నాడు. "ఇంకో అట్టు పొయ్యి."