కాపలా పట్టీ

పాలు పొంగడానికి ఇంకా అర నిమిషం ఉందనగా హిమజ చెయ్యి మాట్లాడింది.

కొత్త ఫ్లాటు, కొత్త పొయ్యి, పసుపు రాసిన ఇత్తడి గిన్నె, చుట్టూ పాతికమంది చుట్టాలు. గృహప్రవేశంలో పాలు పొంగించే హక్కు ఆడపడుచుది కనక, అన్నయ్య ఇంట్లో గరిటె పట్టుకుని హిమజ నిలబడింది. పంతులుగారు మంత్రం మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగారు. సరిగ్గా ఆ సందు చూసుకుని ఆమె ఎడమ జబ్బకున్న పట్టీ ఎర్రగా వెలిగింది. చంటిపిల్లని జోకొట్టేంత మెత్తటి గొంతుతో, "మందు ఆపేశాను. గర్భం వచ్చి ఉండవచ్చు. కంగారు పడకండి. వెంటనే కేంద్రానికి రండి" అంది.

ఆ వెంటనే హాల్లో మూడు ఫోన్లు మోగాయి. ఒకటి నాన్నది, ఒకటి అన్నయ్య కార్తికేయది, మూడోది మేనత్త భ్రమరాంబది. పట్టీ ఫారంలో అత్యవసరమైతే ఎవరికి చెప్పాలి అన్నచోట హిమజ స్వహస్తాలతో రాసిన పేర్లు ఆ మూడే. పాలు పొంగాయి, శుభంగా నాలుగు వైపులా కారాయి కూడా, కానీ అటు చూసినవాళ్లు ఎవరూ లేరు.

హిమజకి ఇంకా పెళ్లి కాలేదని వేరే చెప్పాలా?

ఉండండి, ముందు పట్టీ సంగతి చెప్పాలి. రేపో ఎల్లుండో రాబోయే కాకినాడ ఇది. హిమజకి పద్నాలుగో ఏట మొటిమలు మొదలయ్యాయి. అందరికీ వచ్చిపోయేవి కావు. చర్మం లోపల గోళీల్లా గడ్డకట్టి, చీము పట్టి, మానినచోట గుంట వదిలిపోయే రకం. పక్కకి ఒత్తిగిలి పడుకుంటే దిండు తగిలి ప్రాణం పోయినంత పనయ్యేది. వేపాకు ముద్ద దగ్గర్నుంచి ముల్తానీ మట్టి దాకా చుట్టాల సలహాలన్నీ తొమ్మిదేళ్లపాటు పాపం ఆ ముఖం మీదే ఆరాయి. ఒక్కటీ పనిచెయ్యలేదు.

పనిచేసే మందు ఒకటి ఉంది. విటమిన్-ఏ కుటుంబానికి చెందినది, మహా పెంకి మందు. అది వాడేవాళ్ల కాలేయం ఎలా ఉందో, రక్తంలో కొవ్వు పెరుగుతోందేమో, మనసు కుంగుతోందేమో డాక్టరు కనిపెట్టి ఉండాలి. అన్నిటికన్నా పెద్ద భయం ఏమిటంటే, అది ఒంట్లో ఉండగా గర్భం వస్తే కడుపులో బిడ్డకి ఘోరమైన అవకరాలు రావచ్చు. అందుకే చర్మ వైద్య కేంద్రం నడిపే డాక్టర్ మృణాళిని ఈ పట్టీని తయారుచేసింది. జబ్బకి బిగించే నాలుగు వేళ్ల వెడల్పు పట్టీ. లోపల మందు గొట్టం, ఒంటికి తెలియనంత సన్నటి సూదులు. గంటకోసారి రక్తం పరీక్ష చేసుకుంటుంది. అన్నీ సవ్యంగా ఉంటే ఆ రోజు డోసు ఎక్కిస్తుంది, ఏ ఒక్కటి తేడా కొట్టినా ఆపేస్తుంది. మాత్ర చేతికి రాదు కనక స్నేహితురాలికి రెండు ఇచ్చేందుకు లేదు. ఒకసారి తాళం పడిందంటే, ఆఖరి డోసు వెళ్లాక ఇంకో ముప్పై రోజులు గడిస్తే గానీ ఊడదు. మందు ఒంట్లోంచి పూర్తిగా పోవాలి కదా.

ఊరంతా పట్టీ మాట వినేది. చీకట్లో ఆ మందు వాడేవాళ్లకి చూపు ఆనకపోవచ్చు కనక సాయంత్రం ఆరు దాటితే హిమజ స్కూటర్ మొరాయించేది. మిట్టమధ్యాహ్నం ఎండలోకి వస్తే పట్టీ గిల్లేది. బ్యూటీ పార్లర్ తలుపు ఆమెను చూసి, వాక్సింగ్ చేస్తే మీ చర్మం ఊడొస్తుందని గట్టిగా చెప్పేది. రక్తదానం వ్యాను పక్కనుంచి నడిచినా, మీ రక్తం ఇప్పుడు ఎవరికీ పనికిరాదన్నట్టు హారన్ కొట్టేది. హిమజ అన్నిటికీ తలవంచింది. అయిదో నెలలో ఒక రోజు ఎడమ చెంప దిండుకి ఆనించి తెల్లారేదాకా నిద్రపోయింది. లేచాక ఆ సంగతి గుర్తొచ్చి మంచంమీదే కూర్చుని ఏడ్చింది. ఇంకో నెల మందు, ఆపైన నెల తాళం ఓపిక పడితే ముఖం తనది, చెయ్యి తనది.

అలాంటి సమయంలో అన్నయ్య గృహప్రవేశం వచ్చిపడింది. ముహూర్తం సరిగ్గా హిమజ నెలసరి తేదీన పడింది. ఇలాంటివాటికి మన ఇళ్లల్లో మార్గం ఎప్పుడూ ఉన్నదే. భ్రమరాంబ మెడికల్ షాపుకి వెళ్లి నెలసరి వాయిదా వేసే మాత్రలు తెచ్చింది, తన పెళ్లికి తన మేనత్త తెచ్చినట్టే. అయిదు రోజులు వేసుకుంటే చాలనుకున్నారు. నాలుగో రోజున అమలాపురంలో ఒక దాయాది కాలం చేశాడు. మైల వచ్చింది, ముహూర్తం పన్నెండు రోజులు జరిగింది. భ్రమరాంబ ఇంకో రెండు షీట్లు తెచ్చింది.

ఆ మధ్యలోనే ఒకటో తారీఖు వచ్చింది. ప్రతి నెలలాగే పట్టీ, "కొత్త మందులు ఏమైనా వాడుతున్నారా?" అని అడిగింది. లేదని చెప్పింది హిమజ. అబద్ధం చెప్తున్నానన్న ఆలోచన ఆ పిల్లకి లేదు. జ్వరానికి వేసుకునేది మందు. పూజకి వేసుకునేది మందని మన ఇళ్లల్లో ఎవరంటారు? తమలపాకులు, కొబ్బరికాయలు రాసుకున్న చీటీలోనే ఆ మాత్రల పేరూ ఉంది.

పట్టీకి ఈ గొడవలేవీ తెలియవు. నెలసరి రాలేదు. ఆ మాత్రల్లో ఉన్నదీ, గర్భం తొలి రోజుల్లో ఉండేదీ ఒకే జాతి హార్మోను, అది రక్తంలో దిగకుండా నిలబడి ఉంది. మాత్రలు మొదలైన పదిహేడో రోజు దాకా ఓపిక పట్టి, పాలగిన్నె దగ్గర నోరు విప్పింది.

హిమజని లోపలి గదిలోకి తీసుకెళ్లి తలుపు వేశారు. వ్రతం మధ్యలో లేవకూడదు కనక, ప్రసాదాలు పంచేదాకా కేంద్రానికి వెళ్లే ప్రసక్తి లేదన్నారు. కొత్త రంగు వాసనకి కడుపులో తిప్పింది. వాంతి చేసుకుంటే బయట ఏమనుకుంటారో అని అది కూడా మింగేసింది. పట్టీ పది నిమిషాలకోసారి అదే మాట, అదే మెత్తదనంతో చెబుతోంది. తువ్వాలు చుట్టింది. తువ్వాల్లోంచి కూడా వినిపిస్తోంది. కత్తిపీట కోసం చూసింది కానీ, పట్టీ తెగితే అంబులెన్సు దానంతటదే వస్తుందని గుర్తొచ్చి ఆగిపోయింది. తలుపుకి అవతల సత్యనారాయణ స్వామి కథ సాగుతోంది. కథ వినేవాళ్లు దేని గురించి గుసగుసలాడుతున్నారో ఆమెకి తెలుసు.

మూడో అధ్యాయం అయ్యాక భ్రమరాంబ లోపలికి వచ్చి మంచం అంచున కూర్చుంది.

"నీ చేత్తోనే కదా అత్తయ్యా మాత్రలిచ్చావు. ఆ మాట బయట చెప్పు."

"ఇచ్చానే. కాదనటం లేదు." భ్రమరాంబ మేనకోడలి ముఖం వైపు కాకుండా ఎర్రదీపం వైపు చూసింది. "మరి అది అలా ఎందుకంటోంది? యంత్రానికి నీమీద కోపమా?"

ఎత్తుకు పెంచిన అత్త, నిజం తెలిసిన ఒకే ఒక్క మనిషి, ఆవిడే నమ్మకపోతే ఇంక ఎవరికి చెప్పుకోవాలి?

మూడు గంటలకి కేంద్రానికి వెళ్లారు. పది నిమిషాల్లో పరీక్ష అయింది. గర్భం లేదు. నాన్న ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకుని, బయట బెంచీమీద కూర్చున్నాడు. హిమజ డాక్టర్ మృణాళిని గదిలోకి వెళ్లింది. అరవై దాటిన మనిషి, మాట నెమ్మది. జరిగినదంతా విని, ఆ మాత్రలు ఏ మోతాదువో, ఎన్ని వేసుకున్నదో రాసుకుంది. వాటిని ఎలా మానాలో చెప్పింది.

"లేదని తేలింది కదా మేడమ్. మళ్లీ మందు మొదలుపెట్టమనండి."

"ముప్పై రోజుల తర్వాత ఇంకో పరీక్ష. రెండూ లేదంటేనే పట్టీ మళ్లీ మందు వదులుతుంది. ఇంత విరామం వస్తే కోర్సు మొదటినుంచి లెక్కపెడుతుంది."

"మీరు చేసిన యంత్రమే కదా. మీరు చెప్తే వినదా?"

"వినకుండా చేశానమ్మా." డాక్టర్ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది. "నేను బతిమాలితే కరిగిపోయే మనిషిని. కొత్తగా డాక్టరైనప్పుడు ఒకమ్మాయి ఏడిస్తే కరిగిపోయి, పరీక్ష లేకుండా ఒక నెల మందు రాసిచ్చాను. ఆమెకి పుట్టిన బిడ్డ నాలుగు రోజులే బతికింది. అందుకే తాళంచెవి నాకు కూడా లేకుండా చేసుకున్నాను."

హిమజకి కోపం వచ్చింది కానీ, దాన్ని ఎవరిమీద చూపించాలో తెలియలేదు. మాట న్యాయంగానే ఉంది. ఆ న్యాయంలో తను ఇరుక్కుంది. డాక్టరే అడిగింది, పట్టీ ప్రతి నెలా అడుగుతుంటే ఆ మాత్రల సంగతి ఎందుకు చెప్పలేదని. అది మందని అనుకోలేదని చెప్పింది హిమజ. లేచి గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"మా ఇళ్లల్లో మందులు వాడుతున్నారా అని అడక్కండి మేడమ్. ఇంట్లో పూజేమైనా ఉందా అని అడగండి. నిజం అప్పుడు బయటికొస్తుంది."

డాక్టర్ మృణాళిని ఆ మాట ఉన్నదున్నట్టు కాగితంమీద రాసుకుంది.

మూడో వారానికల్లా దవడ కింద మొదటి గోళీ లేచింది. నెల తిరిగేసరికి ఎడమ చెంప మళ్లీ దిండుకి పనికిరాకుండా పోయింది. రెండో పరీక్ష కూడా లేదంది, కోర్సు మళ్లీ ఒకటో రోజునుంచి మొదలైంది. ఆర్నెల్లు మందు, నెల రోజులు తాళం. ఆఫీసు, ఇల్లు, ఆరింటికల్లా మూగబోయే స్కూటర్. హిమజ క్యాలెండర్‌మీద గళ్లు కొట్టుకుంటూ గడిపింది.

ఈలోగా కొత్త పట్టీ వచ్చింది. ఒకటో తారీఖున అది "ఇంట్లో పూజేమైనా ఉందా?" అని అడిగేది. ఉందంటే, ముహూర్తం ఎప్పుడు, నెలసరి ఎప్పుడు అని కనుక్కుని, మాత్రల గురించి డాక్టరుతో మాట్లాడించేది. లెక్కలన్నీ సరిపోతే పచ్చదీపం, నెలసరి రోజుల్లో పసుపు, ప్రమాదమైతే ఎరుపు. తప్పుడు అలారాలు పదింట తొమ్మిది తగ్గిపోయాయి. మృణాళినికి సన్మానాలు జరిగాయి. ప్రతి సభలోనూ ఆవిడ, ఇది నా ఆలోచన కాదు, మా పేషెంటు ఒకమ్మాయిది అని చెప్పేది.

డాక్టరు దృష్టిలో పచ్చదీపం అంటే మందు క్షేమంగా సాగుతోందని. అత్తయ్యలు, అమ్మమ్మలు దాన్ని వేరేగా చదువుకున్నారు. ఈ పిల్ల ఇవాళ ముట్టు కాదు, దేవుడి గదిలోకి రావచ్చు అని. నోరు తెరిచి అడిగే ఇబ్బంది తప్పింది కదా! ఇంకేముంది, ముఖంమీద ఒక్క మొటిమ లేని పిల్లలకి కూడా పట్టీలు కావాలన్నారు. కంపెనీ మందు గొట్టం లేని ఖాళీ పట్టీలు అమ్మింది. జాకెట్టు రంగుకి సరిపోయేవి, రాళ్లు పొదిగినవి వచ్చాయి. ముప్పై రోజుల తాళం మాత్రం తీసేయడం ఎవరికీ తోచలేదు, అందులో అలాగే ఉండిపోయింది.

హిమజ పట్టీ ఒక బుధవారం పొద్దున టక్కుమని ఊడింది. జబ్బమీద నాలుగు వేళ్ల వెడల్పున తెల్లటి చార. ముఖం నున్నగా ఉంది. గుంటలు కొన్ని మిగిలాయి, పోనీ, నొప్పి లేదు. ఆ ఆదివారమే అన్నయ్య కూతురి బారసాల. బిడ్డని ఉయ్యాల్లో వెయ్యాల్సింది మేనత్త, అంటే ఇప్పుడు హిమజ. పదేళ్లలో మొదటిసారి పౌడర్ కూడా రాసుకోకుండా, పొట్టి చేతుల జాకెట్టు తొడుక్కుని, మిట్టమధ్యాహ్నం ఎండలో సొంత స్కూటర్‌మీద బయల్దేరింది. దారిపొడుగునా తనలో తనే నవ్వుకుంది.

గుమ్మంలో భ్రమరాంబ ఎదురొచ్చింది. ముఖం చూడలేదు. చెయ్యి చూసింది.

"పట్టీ ఏదే?"

"ఊడిపోయిందత్తయ్యా. మందు అయిపోయింది."

"మంచిదేలే." భ్రమరాంబ కాస్త తటపటాయించింది. "మరి మాకెలా తెలుస్తుందే?"

నేను చెప్తున్నాను కదా, ఇవాళ ఏమీ లేదు, అంది హిమజ. నీమాట కాదని కాదు, నలుగురూ ఉన్నారు, అని భ్రమరాంబ నిజంగానే నొచ్చుకుంటూ వరండాలో ఫ్యాన్ కింద కుర్చీ వేయించింది. లోపల పినతండ్రుల కూతుళ్లు వరసగా కూర్చున్నారు, అందరి జబ్బలమీదా పచ్చదీపాలు. ముందు వరసలో పెద్ద బొట్టుతో, ఒడిలో తాంబూలంతో డాక్టర్ మృణాళిని ఉంది. మా ఆడపిల్లలకి ఎంతో మేలు చేశారని భ్రమరాంబ స్వయంగా వెళ్లి పిలుచుకొచ్చింది. డాక్టర్ వరండాలో ఉన్న హిమజని చూసింది, కుర్చీని చూసింది, తర్వాత ఒడిలోని తమలపాకుల వైపు చూస్తూ ఉండిపోయింది.

ఉయ్యాల దగ్గర బిడ్డ ఏడుపందుకుంది. ముహూర్తం దాటిపోతోందన్నారు పంతులుగారు. వదిన బీరువాలోంచి ఒక కొత్త పట్టీ తెచ్చి, ఇబ్బందిగా నవ్వుతూ గుమ్మం ఇవతల నిలబడింది.

"ఒక్క అయిదు నిమిషాల పని, హిమజా."

అయిదు నిమిషాలు కాదు, ముప్పై రోజులు. ఆ సంగతి అక్కడున్న అందరికన్నా హిమజకే బాగా తెలుసు. లోపల బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తోంది. హిమజ చెయ్యి చాపింది. పట్టీ తెల్లటి చారమీద సరిగ్గా అతుక్కుని, టక్కుమని తాళం పడింది. సూదులు దిగాయి. అదే మెత్తటి గొంతు, "నమస్కారం. ఇంట్లో పూజేమైనా ఉందా?" అని అడిగింది.

"ఉంది" అంది హిమజ.

పచ్చదీపం వెలిగింది. భ్రమరాంబ గబగబా వచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్తూ, అప్పుడు ముఖంలోకి చూసింది.

"అదేమిటే, నీ మొహం ఇంత నున్నగా ఎప్పుడైంది? చెప్పనేలేదు!"