మూసిన దారిలో చప్పట్లు

పార్కులో నిద్రగన్నేరు మలుపుకి మొదట్నుంచీ చెడ్డపేరే. పొద్దు వాలాక ఆడ ఎవరో చప్పట్లు కొడతారంట... ఒక్కొక్కటిగా, నిదానంగా. నేను వినలేదు. వినేంత దూరం పోయే ధైర్యముంటే ఇట్లా కథలెందుకు చెప్పుకుంటాను? ఇది వాచ్‌మన్ వెంకటపతికి జరిగింది.

తుపాను పోయాక చెన్నై నడుమనున్న ఆ నేషనల్ పార్కులో ముందరి పచ్చిక వరకే జనాన్ని వదిలారు. మలుపు దారికి అడ్డంగా తాడు కట్టారు. విరిగిన కొమ్మలు పైన వేలాడుతున్నాయి మరి. "తుపానొచ్చింది చెట్లకా, మాకా?" అని వాకింగ్ పెద్దమనుషులు రోజూ తగాదా.

గేటు వేసేముందు వెంకటపతి ఆ దారంతా తిరిగి చూడాలి. లోపల ఎవరైనా చిక్కుకుంటే తెల్లారేదాకా దిక్కులేదు. కానీ మనవాడికి భయం. పైకి మాత్రం నడుంనొప్పి అనేవాడు. అందుకే ఒక ఉపాయం పట్టాడు — మధ్యాహ్నం లోపలెవరూ లేరని చూసుకుని, దారి మొదట్లో బురదని చీపురుతో నున్నగా లాగేసి, సాయంత్రం అడుగులు చూసుకోవడం. లోపలికి పోయిన అడుగుల్లేకుంటే, తాళం.

ఆ రోజు చీకటి పడింది. టార్చి వేశాడు. ఒకే మనిషి అడుగులు... వేళ్ళు గేటువైపు. ఎవరో బయటికొచ్చేశారు. హమ్మయ్య.

తాళం మీద చెయ్యి ఆగిపోయింది.

వచ్చినవి సరే... పోయినవేవీ?

లోపల్నుంచి — టప్.

...టప్.

"చిన్నపొన్నక్కా..."

టికెట్ల గది మూస్తున్న చిన్నపొన్ను వచ్చి చూసింది. గొంతు తగ్గించింది. "పాదాలు వెనక్కి తిరిగుండేది ఎవరికప్పా? అయ్యో సామీ... తాళం వెయ్యి. పోదాం."

వేసేశాడు. ఇద్దరూ రోడ్డు మీదికొచ్చేశారు.

ఎదురుగా రాజశ్రీ, రోజూ వాకింగ్‌కి వచ్చే త్యాగరాజుగారి కూతురు. "అన్నా, మా నాన్న ఇంకా ఇల్లు చేరలేదు. మోకాళ్ళనొప్పి పోతుందని వెనక్కి వెనక్కి నడుస్తారే... చూశారా?"

వెనక్కి నడిస్తే వేళ్ళు గేటువైపే కదా! వెంకటపతి గేటుకేసి తిరిగాడు.

తాళం తీసి పరుగెత్తాడు. వెనకాల ఆడవాళ్ళిద్దరూ. టప్... టప్... చప్పుడే దారి చూపింది.

మలుపులో పెద్ద కొమ్మ. దాని కింద బోర్లా త్యాగరాజుగారు. ఊపిరుంది.

"చప్పట్లు కొట్టి బతికిపోయారు సార్! లేకుంటే..."

"నేనా?" పెద్దాయన పెదాలు కదిలాయి. "చేతులు రెండూ కొమ్మ కిందే ఉన్నాయి నాయనా..."

టార్చి తిప్పాడు. నిజమే. మోచేతులదాకా...

వాళ్ళ వెనక, బాగా దగ్గరగా —

టప్.