పరగడుపు రొట్టె

నవంబరు పొగమంచు కిటికీ అద్దాలకి అతుక్కుపోయి ఉంది. ఒతీలియా కోటు బొత్తాలు పెట్టుకుంటూ అత్తగారి గది తలుపు తట్టింది.

"అత్తయ్యా, ప్రార్థన అయిందా? బస్సు వెళ్లిపోతుంది."

"వస్తున్నానమ్మాయ్. దేవుడి ముందు కూడా గడియారం పెట్టాలా?"

"ఏమీ తినలేదుగా?"

"పరగడుపునే ఉన్నాను."

అగ్లాయా నల్ల రుమాలు తలకు బిగించుకుంటూ బయటికొచ్చింది. వేసవి నుంచి ఆమె పిత్తాశయంలో రాళ్లు. వేపుడు ముక్క నోట పెడితే చాలు, కుడి డొక్కలో కత్తి దిగినట్టు మెలికలు తిరిగిపోయేది. పొద్దున కోసి సాయంత్రానికి ఇంటికి పంపేసే ఆపరేషనుకి, ఎన్నాళ్లో కాచుకుంటే ఈ రోజు దొరికింది.

ఆ ఆపరేషనుకి వచ్చేవాళ్లని ముందే కూర్చోబెట్టి అన్నీ విడమరిచి చెప్పే నర్సు ఒతీలియాయే. పొట్ట మీద చిన్న చిన్న గాట్లు పడతాయని, భుజం లాగితే హడలిపోవద్దని, రాత్రికి ఇంట్లో ఒక మనిషి తోడుండాలని, కళ్లు పచ్చబడితే పరుగెత్తుకు రావాలని చెప్పేది. చివర్లో ఒక్కొక్కరినీ, "ఇప్పుడు మీ మాటల్లో నాకు చెప్పండి" అని అడిగేది. చెప్పించుకోనిదే ఎవర్నీ లేవనిచ్చేది కాదు.

అత్తగారు మాత్రం ఆ తరగతికి రాలేదు. "ఇంట్లో నర్సుండగా అంత దూరం దేనికి?" అంది. ఒతీలియా బలవంతపెట్టలేదు. మామగారు తోదేర్ పోయినప్పటి నుంచి వాళ్ల మధ్య "ఉప్పు అందివ్వు", "తలుపు వెయ్యి" తప్ప వేరే మాటల్లేవు. ఒతీలియా భర్త సెర్జియు రైలు నడిపే మనిషి, ఇంట్లో ఉండేదే తక్కువ. నిన్న కూడా ఒతీలియా గుమ్మంలోంచే, "రేపు పరగడుపున రావాలి అత్తయ్యా" అని చెప్పేసి వెళ్లిపోయింది.

వార్డులో ఒతీలియా అత్తగారికి ఆసుపత్రి గౌను తొడిగి, ఆమె రుమాలు మడతపెడుతుంటే దాంట్లోంచి ఒక రొట్టె తునక మంచం మీద రాలింది.

"ఏమిటిది?"

"అనఫూరా."

చర్చిలో ఆరాధన అయ్యాక ఫాదరుగారు పంచే దీవెన రొట్టె. ఎండబెట్టి దాచుకుని, రోజూ పొద్దున్నే ఒక ముక్క పుచ్చుకుంటారు.

ఒతీలియా ఆ తునకని చేతిలోకి తీసుకుంది. "ఇవాళ తిన్నారా?"

"తినడమేంటి, పుచ్చుకున్నాను. అది తిండా?"

"ఏమీ తినలేదన్నారుగా!"

"తినలేదు! పరగడుపున రమ్మన్నావు. అనఫూరా పుచ్చుకునేదే పరగడుపున. తిన్నాక పుచ్చుకుంటారా ఎవరైనా?"

పక్క మంచం మీది ఆవిడ కిసుక్కున నవ్వింది. "ఊరందరికీ పాఠం చెప్పి, ఇంట్లో మర్చిపోయావా తల్లీ?"

గోరంత ముక్క. నోరు మూసుకుంటే డాక్టరుకు తెలియదు. చెబితే ఈ రోజు పోతుంది, నొప్పి మిగులుతుంది, డాక్టరు ముందు తన పరువూ పోతుంది. అయినా దీవెన రొట్టె కీడు చేస్తుందా? ఒతీలియా మనసే ఆ ప్రశ్న వేసింది. కానీ మత్తులో కడుపులోది పొంగి ఊపిరితిత్తుల్లోకి జారితే? దేవుడు రొట్టెను దీవిస్తాడు గానీ గొంతులో దారి మార్చడు కదా. ఆమె వెళ్లి డాక్టరుకు చెప్పేసింది.

మళ్లీ తేదీ దొరికేది క్రిస్మస్ పండగ వెళ్లాకే, అన్నారు ఆసుపత్రివాళ్లు.

తిరుగు బస్సులో ఒతీలియా ఆపుకోలేకపోయింది. "ఒక్క రోజు అది మానేస్తే దేవుడు కోప్పడతాడా అత్తయ్యా?"

అగ్లాయా కిటికీలోంచి మంచునే చూస్తూ అంది.

"దేవుడెందుకు కోప్పడతాడు? ఆ రోజు మీ మామయ్యని నువ్వు తొందరపెట్టావు, అంబులెన్సు వచ్చేసిందని. అనఫూరా నా చేతిలోనే ఉండిపోయింది. పెళ్లయ్యాక ఆయన అది పుచ్చుకోకుండా గడప దాటింది ఆ ఒక్క పొద్దే. మళ్లీ రాలేదు." తల మీది రుమాలు ముడి బిగించుకుంది. "నీ తప్పు కాదు, తెలుసు. తెలిస్తే మాత్రం భయం పోతుందా అమ్మాయ్?"

ఊళ్లో ప్రతి మనిషినీ 'మీ మాటల్లో చెప్పండి' అని అడిగిన ఒతీలియా నోరు, ఒకే కప్పు కింద ఏడుస్తున్న ఈ మనిషిని ఒక్కసారైనా అడగలేదు.

ఇంటికి రాగానే అత్తగారిని పొయ్యి పక్కన కూర్చోబెట్టి, తను కింద కూర్చుని ఆమె చల్లటి చేతులు పట్టుకుంది.

"ఈసారి ఆ పొద్దున ఏం చేస్తారో మీ మాటల్లో చెప్పండి అత్తయ్యా."

బళ్లో పాఠం అప్పజెప్పే పిల్లలా మొదలుపెట్టింది అగ్లాయా. "లేస్తాను. దీపం పెడతాను. అనఫూరా డబ్బా తియ్యను. నీతో వచ్చేస్తాను." "మత్తు దిగేసరికి నా నోట్లో ఏ తిండీ పడి ఉండదుగా?"

"పడదు."

"అయితే అప్పటికీ పరగడుపేగా?"

ఒతీలియా కళ్లు నిండిపోయాయి. "పరగడుపే. మీరు తినే మొదటి ముద్ద అనఫూరాయే అవుతుంది."

"లేవకపోతేనో?"

తరగతిలో అడిగే ప్రతి ప్రశ్నకూ ఏదో ఒక జవాబు చెప్పే ఒతీలియా, ఆమె చేతుల్ని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

అగ్లాయా లేచి దేవుడి పటాల దగ్గరికి వెళ్లింది. డబ్బాలోంచి ఒక ముక్క తీసి గుడ్డలో ముడి వేసి, కోడలి అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది.

"నీ దగ్గరే ఉంచు. కళ్లు తెరిచేసరికి పక్కన నువ్వుంటావుగా."