ప్రపంచ కండెల దినం

మైక్ ముందు నిలబడింది నవీన. చేతిలో ఉన్న కాగితం ఖాళీగా ఉంది. ఎదురుగా బడి మొత్తం వరసల్లో నిలబడి ఆమె వంకే చూస్తోంది.

"చెప్పు నవీనా, ఇయ్యాల ఏం దినం?" అన్నారు సదానందం సార్.

రోజూ ప్రార్థన కాగానే "నేటి విశేషం" చెప్పేది ఆరో తరగతి నవీనే. మొదట్లో దాన్ని ఎవరూ చెవిన పెట్టేవాళ్లు కాదు. నవీన చేతికి వచ్చాకే ఆ పనికి కళ వచ్చింది. బాపు ఫోన్‌లో వెతికి ఎక్కడెక్కడి వింత దినాలనో పట్టుకొచ్చేది. పాప్‌కార్న్ దినం, ఉడతల దినం, గొడుగుల దినం, ఎడమచేతివాటం వాళ్ల దినం! పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్లు. నవీనకు కాలు భూమ్మీద నిలిచేది కాదు.

ఇంట్లో సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. ఉడతల దినం రోజు బాపు తల్లి, బాపమ్మ బుచ్చవ్వ గోడ మీద పల్లికాయలు పోసి పొద్దంతా కాపలా కూర్చుంది. ఒక్క ఉడతా రాలేదు గానీ పక్కింటి మేక వచ్చి కడుపునిండా పండగ చేసుకుంది. ఎడమచేతివాటం వాళ్ల దినం రోజు బాపు లింగమూర్తి ఎడమచేత్తో గడ్డం గీసుకోబోయాడు. పాపం, సగం మీసంతోనే సాంచల షెడ్డుకు పోవాల్సి వచ్చింది. సాంచలంటే కరెంటుతో నడిచే మగ్గాలు. ఆయన పని అక్కడే.

ఆ రోజు మాత్రం బాపు తెల్లారకముందే షిఫ్టుకు పోయాడు. ఇంటికంతటికీ ఉన్న ఒక్క ఫోనూ ఆయన జేబులోనే పోయింది.

"దొరకలేదు సార్" అంటే సరిపోయేది. కానీ అంతమంది ముందు ఆ మాట నవీన గొంతు దాటి రాలేదు. పొద్దున అవ్వ, అంటే వాళ్లమ్మ, తనకు జడ వేస్తుంటే, ఎదురుగా బాపమ్మ మిషన్ మీద కండెలు చుట్టడం కళ్లలో మెదిలింది.

"ఈ రోజు... ప్రపంచ కండెల దినం!" అనేసింది.

అంతే! ఆ తర్వాత చప్పట్లే చప్పట్లు!

సాంచల ఊరు గర్షకుర్తిలో కండె అంటే ఒకటో తరగతి పిల్లలకు కూడా తెలుసు. బట్టలో అడ్డంగా పోయే నూలును చిన్న పుల్లకు చుడితే అది కండె. కండె లేకపోతే సాంచ నడవదు, బట్ట రాదు. వాటిని చుట్టేది చాలావరకు ఇళ్లలోని ఆడవాళ్లే.

"మా అవ్వ గూడ చుడుతది సార్!"

"మా అమ్మమ్మ గూడ!"

వరసల్లోంచి కేకలు మొదలయ్యాయి. సదానందం సార్ ముఖం వెలిగిపోయింది.

"పన్నెండేండ్ల సంది గీ ఊర్లె పాఠాలు చెప్తున్న. గిట్లాంటి దినం ఒకటున్నదని నాకే తెల్వదు. శభాష్ బిడ్డా!" అంటూ అక్కడికక్కడే ఫోన్ తీసి తల్లిదండ్రుల గ్రూపులో పెట్టేశారు.

నవీన ఉబ్బితబ్బిబ్బయింది. అయితే ఇంటర్వెల్‌లో స్నేహితురాలు కైనాత్ వచ్చి, "ఏ దేశంల మొదలువెట్టిండ్రే గీ దినం?" అని అడిగింది. నవీన గబగబా నీళ్ల సీసా ఎత్తి, లేని దాహం తెచ్చుకుని తాగింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వాకిట్లో హడావుడిగా ఉంది. బాపమ్మ పెళ్లిళ్లకు కట్టే పసుపుపచ్చ చీర కట్టుకుని, కండెల మిషన్ పక్కన నిటారుగా కూర్చుంది. అవ్వ మంజుల ఫోటోలు తీస్తోంది. బాపు పక్కన నిలబడి సలహాలిస్తున్నాడు.

"జర దూరం జరిగి తియ్యి. మిషిన్ గూడ పడాలె" అంది బాపమ్మ.

ఫోటోలు అయ్యాక బాపమ్మ ఇచ్చోడలో ఉన్న చెల్లెలు బాలవ్వకు వీడియో కాల్ చేసింది. ఫోన్‌ను ఎప్పటిలాగే నెత్తి మీద పెట్టుకున్నట్టు పట్టుకుంది.

"అక్కా, నీ పాపిటే కనవడ్తున్నది. మొఖం చూపియ్యరాదు!" అంది బాలవ్వ ఫోన్‌లోంచి.

"మొఖం ఎప్పుడు సూసేదే గదనే. ముచ్చట ఇను. ఇయ్యాల లోకమంత కండెల పండుగ చేస్తున్నరట! నా మనుమరాలే బడిల చెప్పింది. పదేండ్ల పిల్లనప్పటి సంది చుడుతున్న. బట్టను మెచ్చుకుంటరు, నేసినోళ్లను మెచ్చుకుంటరు. కండె ఎవలు చుట్టిండ్రని ఒక్కలన్న అడిగిండ్రా? ఇయ్యాల అడిగిండ్రే..."

చివరి మాట దగ్గర బాపమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

గుమ్మంలో నిలబడిన నవీనకు బ్యాగు దించడం కూడా చేతకాలేదు.

"రేపు బాపమ్మను బడికి తీసుకరమ్మన్నరు మీ సార్. అందరి ముంగట శాలువ కప్పుతరట!" అని బాపు సంబరంగా చెప్పాడు.

నవీనకు ఏడుపు ముంచుకొచ్చింది. ఉడతల దినం ఉన్నా లేకపోయినా ఉడతలకు ఏమీ కాదు. కానీ ఇది బాపమ్మ. ఆమె సంతోషం మొత్తం తను ఆడిన అబద్ధం మీద నిలబడి ఉంది. రేపు శాలువా కప్పాక ఎవరో ఒకరు ఫోన్‌లో వెతికి, అసలు అలాంటి దినమే లేదంటే? అందరూ బాపమ్మను చూసి నవ్వితే?

అవ్వ, బాపు లోపలికి పోయాక నవీన వెళ్లి బాపమ్మ పక్కన కూర్చుంది.

"బాపమ్మా, గా దినం లేదు."

"ఏ దినం బిడ్డా?"

"కండెల దినం. ఫోన్ల లేదు, ఏడ లేదు. నేనే కల్పించి చెప్పిన."

బాపమ్మ ముఖంలోని నవ్వు మెల్లగా ఆరిపోయింది.

"ఇచ్చోడ దాక చెప్పుకుంటిని గదనే" అంది.

తిట్టలేదు. తిట్టినా బాగుండును అనిపించింది నవీనకు. వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఏం దొరకలే బాపమ్మా. దొరకలే అని చెప్పనీకి సిగ్గయింది."

బాపమ్మ మిషన్ మీది కండెను చేతిలోకి తీసుకుంది. తర్వాత, "మరి నా కండెలే ఎందుకు యాదికొచ్చినయే?" అని అడిగింది.

"పొద్దుగాల నిన్నే చూస్తున్న. నువ్వు నాతోని మాట్లాడుకుంటనే చుడుతవు. దారం తెగితె చూడకుంటనే అందుకుంటవు. గట్ల ఎవలకు రాదు."

బాపమ్మ మనుమరాలి చెంపలు తుడిచింది.

"రేపు బడికొస్త. శాలువ కోసం గాదు. నువ్వేం చెప్తవో ఇననీకి" అంది.

మర్నాడు ప్రార్థన అయింది. ముందు వరసలో కుర్చీ వేసి బాపమ్మను కూర్చోబెట్టారు. బల్ల మీద మడత పెట్టిన శాలువా ఉంది. నవీన మైక్ దగ్గరికి నడిచింది. శాలువా మీద చూపు పడింది. అయినా ఆగలేదు.

"నిన్న నేను చెప్పింది అబద్ధం. ప్రపంచ కండెల దినం అనేది లేదు. ఏ దినమూ దొరకలేదని చెప్పడానికి సిగ్గుపడి కల్పించాను. నన్ను క్షమించండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. నవీన చెవులు ఎర్రబడ్డాయి. కానీ మైక్ వదల్లేదు.

"ఈ రోజు విశేషం ఫోన్‌లో చూసింది కాదు. నేను కళ్లారా చూసింది. ఎండాకాలంలో మా బాపు వాళ్ల షెడ్డులో స్కూల్ యూనిఫాం బట్ట నేశారు. ఆ బట్టకు కండెలు చుట్టింది మా బాపమ్మ బుచ్చవ్వ. మన ఊర్లో ఇంకా ఎంతోమంది అమ్మలు, అమ్మమ్మలు చుట్టారు."

నవ్వులు ఆగిపోయాయి. పిల్లలు ఒక్కొక్కరే తల వంచి తమ చొక్కాల వంక చూసుకున్నారు. కైనాత్ తన చేతి మీది బట్టను వేలితో తడిమి చూసింది.

సదానందం సార్ గొంతు సవరించుకున్నారు. "నేను గూడ చూసుకోకుంట గ్రూపుల వెట్టిన. నా తప్పు గూడ ఉన్నది" అన్నారు. చేతిలో శాలువాతో బాపమ్మ వైపు తిరిగి, "అవ్వా, దినం లేదంటున్నది మరి..." అని ఆగిపోయారు.

బాపమ్మ లేచి నిలబడింది.

"దినం లేకుంటె ఏమాయె సార్? నేనైతె ఉన్న గద!"

బడి బడంతా గొల్లున నవ్వింది. చప్పట్లు చాలాసేపు మోగాయి. సార్ శాలువా కప్పుతుంటే బాపమ్మ తల ఎత్తి నిలబడింది. ఆమె చూపు శాలువా మీద లేదు, మనుమరాలి మీద ఉంది. ఆ చూపు చూశాక నవీనకు గుండె నిండిపోయింది. ఉడతల దినం నాటి నవ్వులు కూడా ఆమెకు ఇంత గర్వాన్ని ఇవ్వలేదు.

ముందు వరసలోంచి రెండో తరగతి పిల్ల ఒకతి లేచి అడిగింది. "అక్కా, మరి రేపేం దినం?"

నవీన మైక్‌ను దగ్గరికి లాక్కుంది.

"నాకు తెల్వదు చెల్లె" అంది, బడంతటికీ వినబడేలా. "చూసి చెప్త."