పడమటి గదికి నీళ్ళు

చీరాల దాటి సముద్రం వైపు పోతే సరుగుడు తోటల వెనక దొర బంగళా ఉంటుంది. దానికి మంచిపేరు లేదు. అందులోనూ పడమటి గదికి అసలే లేదు.

ఎప్పుడో కరువు కాలంలో ఎవరో రైతు, దాహానికి తాళలేక, రాత్రివేళ ఆ గది వెనక తలుపు దగ్గరికొచ్చి నీళ్ళడిగాడట. లోపలున్న దొర తలుపు తియ్యలేదట. తెల్లారి చూస్తే మెట్ల మీద శవం... అప్పటినుంచీ ఆ గదిలో ఎవరు పడుకున్నా, రాత్రి వెనక తలుపు మీద చప్పుడవుతుందనీ, ఒకే ఒక్క మాట వినిపిస్తుందనీ చెప్పుకుంటారు.

“నీళ్ళు...”

అంతే. ఇంకేమీ అడగడట. తలుపు తీస్తే ఎవరూ ఉండరట.

అలాంటి బంగళాని ఎవరో కొని, వెల్ల వేయించి, టూరిస్టు హోటల్ చేశారు. దొరలు పడుకున్న మంచాలని చెప్పి, మంచి లాడ్జీలకి నాలుగింతలు అద్దె పెట్టారు. దెయ్యం సంగతి మాత్రం బోర్డు మీద రాయలేదు.

ఈ కథ నాకు హనుమాయమ్మగారు చెప్పారు. గుంటూరులో మేమిద్దరం ఒకే ఇంట్లో పక్కపక్క వాటాల్లో అద్దెకుండేవాళ్ళం. నేను బడికి పాఠాలు చెప్పడానికి వెళ్ళే వేళకే ఆవిడ మిరపకాయలకు తొడిమలు తీసే కూలికి వెళ్ళిపోయేవారు. ఒకప్పుడు చిలకలూరిపేటలో సొంత మేడా, బజార్లో పురుగుమందుల కొట్టూ ఉన్న మనిషని నాకు చాలాకాలం తెలియదు. తెలిసిన రోజున, అవన్నీ ఎలా పోయాయని అడిగాను. ఆవిడ దీపం తగ్గించమన్నారు, కారానికి కళ్ళు మండుతున్నాయని. చీకట్లో మొదలుపెట్టారు.

అది ఎనభై ఏడు. పత్తికి తెల్లదోమ పట్టిన ఏడు.

ఎన్నిసార్లు మందు కొట్టినా దోమ పోలేదు. ఆకు మాడిపోయింది, పూత రాలిపోయింది. అయినా రైతులు అప్పు మీద అప్పు తెచ్చి మందు కొడుతూనే ఉన్నారు. హనుమాయమ్మగారి భర్త యలమందయ్య కొట్టు తలుపులు తీయకముందే జనం వచ్చి అరుగు మీద కూర్చునేవారు.

వాళ్ళలో మరియదాసు అనే కౌలురైతు ఒకడు. పేటకి అవతల, నల్లరేగడి పొలాల మధ్య ఊరు. అతను ఒకరోజు ఖాళీ డబ్బా పట్టుకుని వచ్చి, ఈ మందులో బలం లేదండీ అన్నాడట. యలమందయ్య నలుగురిలో కేకలేశాడు. మందు కొట్టడం చేతకాక కొట్టు మీద పడి ఏడుస్తావా అన్నాడు. మరియదాసు తల దించుకున్నాడు. చివరికి యలమందయ్యే జాలిపడ్డట్టు ఇంకో డబ్బా అరువిచ్చి పంపించాడు.

ఆ డబ్బానే మరియదాసు చేలో కూర్చుని తాగేశాడు.

పురుగు చావని మందుకి మనిషి చచ్చాడని బజార్లో అనుకున్నారు.

ఆ రోజు నుంచి యలమందయ్యకి నిద్ర లేదు. అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు. ఎవరైనా వీధి తలుపు తడితే, నువ్వు చూడు అని భార్యని పంపేవాడు. పాపం, ఖాతాదారు పోయాడని దిగులు పెట్టుకున్నాడు కాబోలు అనుకుంది ఆవిడ. ఇంత మెత్తటి మనసా ఈయనది అని లోపల్లోపల మురిసింది కూడా.

“ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు కంపరమెత్తుతుంది టీచరమ్మా” అన్నారు హనుమాయమ్మగారు.

కార్తీకమాసం మొదట్లో ఉన్నట్టుండి ఆయన, సముద్రానికి పోదాం పద అన్నాడు. సత్రంలో దిగుదామంటే కాదన్నాడు. దొర బంగళాలోనే దిగాలన్నాడు. సోడా కొనడానికి కూడా వెనకాడే మనిషి అంత హోటల్ పేరెత్తితే ఆవిడ ఆశ్చర్యపోయింది. పెళ్ళైన ఇన్నేళ్ళకి నన్ను ఒక చోటుకి తీసుకెళ్తున్నాడని పట్టుచీర కట్టుకుని బయల్దేరింది.

తీరా వెళ్తే ఏముంది...

గోడలకి పైన వెల్ల, లోపల చెమ్మ. వరండాలో దొర కూర్చున్న కుర్చీ అని చుట్టూ తాడు కట్టారు. మామూలు మనుషులు కూర్చోవడానికి మాత్రం ఒక్క కుర్చీ లేదు. మేనేజరు జయరావు అనే అతను బంగళా చరిత్రంతా పాఠంలా ఒప్పజెప్పాడు. వేణ్ణీళ్ళు అడిగితే దానికి వేరే బిల్లు అన్నాడు. టీ చల్లారిపోయి వచ్చింది. అన్నంలోకి నిన్నటి చేపల పులుసు పెట్టి, ఇది దొరలు ఇష్టంగా తినే వంట అన్నాడు. మంచం మీద పరుపు గుంటలు పడిపోయి ఉంది. దోమతెరకి చిరుగులు. పంకా తిరుగుతుంటే బండి ఇరుసులా కిర్రుకిర్రుమంది.

అన్నిటికీ మించి, వాళ్ళకిచ్చింది పడమటి గది.

జట్కావాడు దారిలోనే ఆ గది సంగతి చెప్పాడు. ఆవిడ వేరే గది ఇమ్మనమని భర్తతో గుసగుసగా అంది. మిగతావి నిండిపోయాయన్నాడు జయరావు. యలమందయ్య మామూలుగా అయితే ఆ టీ గ్లాసు మేనేజరు మొహాన కొట్టి, డబ్బు వెనక్కి తీసుకునే మనిషి. ఆవేళ దేనికీ నోరెత్తలేదు. ఇంత ఖర్చు చేసి ఇంత బాధపడ్డం తనకి కావలసిందే అన్నట్టు, ఆ పులుసే కలుపుకుని తిన్నాడు.

రాత్రి కరెంటు పోయింది.

పంకా ఆగింది. కిర్రుమనే చప్పుడు ఆగేసరికి బయట సముద్రం వినిపించింది. సరుగుడు చెట్లలో గాలి... ఎవరో దూరంగా మూలుగుతున్నట్టు.

హనుమాయమ్మగారు కళ్ళు మూసుకున్నారు. పక్కన భర్త లేచి కూర్చున్నట్టు తెలిసింది.

“ఏమే... వాసనొస్తోందా?”

ఆవిడ గాలి పీల్చింది. మందు వాసన. పరుపులోంచో, గోడలోంచో, ఎక్కణ్ణించో తెలియదు. పురుగుమందు ఘాటు గదంతా అలముకుంది.

“మీ బట్టలకి అంటిందేమో” అంది.

“కాదే...” అన్నాడు ఆయన. “ఇది కంపెనీ మందు వాసన కాదు. ఇందులో కిరసనాయిలు ఉంది.”

ఆ మాటకి అర్థమేమిటో అప్పుడు ఆవిడకి తెలియలేదు. అడిగేలోపు—

వెనక తలుపు మీద చప్పుడు.

మెల్లగా. వేళ్ళ కణుపులతో తట్టినట్టు.

తలుపు అవతల ఎవరో నిలబడి ఉన్నారు. తలుపు కింది సందులోంచి పలచటి వెలుతురు ఒకసారి కదిలి ఆగింది. మళ్ళీ చప్పుడు. ఆ వెంటనే, గొంతు బొంగురుపోయిన మగమనిషి మాట—

“నీళ్ళు...”

ఆవిడ భర్త చెయ్యి పట్టుకుంది.

“నీళ్ళు...”

యలమందయ్య చెయ్యి విడిపించుకుని మంచం దిగాడు. పారిపోతాడనుకుంది ఆవిడ. పారిపోలేదు. చీకట్లో తడుముకుంటూ ఆ తలుపు దగ్గరికే వెళ్ళి, మోకాళ్ళ మీద కూలబడి, తలుపుకి నుదురు ఆనించాడు.

“అవును మరియదాసూ... నీళ్ళే” అన్నాడు. “నీళ్ళే కలిపాను. సగం మందు, సగం నీళ్ళు. వాసన రావాలని కిరసనాయిలు పోశాను. నీ చేతకానితనం కాదురా... నువ్వు రెండోసారి వస్తే కూడా అదే ఇచ్చాను. తెలిసే ఇచ్చాను.”

అదీ సంగతి. వినేవాళ్ళందరికీ ఆ మాట దాహంలా వినిపిస్తుంది. ఆయనకి మాత్రం నేరం చదివినట్టు వినిపించింది.

తలుపు అవతల ఏ సవ్వడీ లేదు. ఆయన గడియ మీద చెయ్యి వేశాడు. గడియ జారింది... తలుపు తెరుచుకుంది...

మెట్ల మీద హరికేన్ లాంతరు. దాని పక్కన బకెట్టు. బకెట్టు పక్కన హోటల్ వాచ్‌మన్ బుడే అనే ముసలివాడు, నోరు తెరుచుకుని నిలబడి ఉన్నాడు.

“కరెంటు లేదు కదయ్యా, మోటారు ఆడదు” అన్నాడు మెల్లగా. “అందుకని బావిలోంచి తోడుకొచ్చా... నీళ్ళు.”

అంతా విన్నాడని అతని మొహమే చెప్పింది. బకెట్టు గుమ్మం లోపల పెట్టి, లాంతరు అక్కడే వదిలేసి, చీకట్లో వెళ్ళిపోయాడు.

దెయ్యం లేదు. కానీ అన్న మాట అన్నట్టే ఉండిపోయింది గదిలో.

తెల్లవార్లూ ఆయన గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు. ఆవిడ మంచం మీద కూర్చుని, తన ఒంటిమీది పట్టుచీర వంక, చేతుల గాజుల వంక చూసుకుంది. అంతకు ముందు రెండేళ్ళలో కొన్నవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. మేడ మీద వేసిన కొత్త గది. కూతురి మెళ్ళో గొలుసు. ఎక్కణ్ణించి వస్తున్నాయని తను ఎన్నడైనా అడిగిందా? కొట్టు వెనక గదికి ఎప్పుడూ తాళం ఎందుకుంటుందని అడిగిందా? అడగలేదు. అడిగితే జవాబు చెబుతాడేమోనని భయం కాబోలు.

పొద్దున బిల్లు కట్టేటప్పుడు ఆ వాసన సంగతి అడిగింది. జయరావు కొంచెం సిగ్గుపడ్డాడు. మంచాల నిండా నల్లులండీ, పత్తి మందు కొట్టించాం అన్నాడు. పేట నుంచి తెప్పించామనీ, దండగేననీ, ఒక్క నల్లీ చావలేదనీ కూడా చెప్పాడు.

యలమందయ్య బిల్లు ఎంతైందో కూడా చూసుకోకుండా జేబులో ఉన్నదంతా తీసి బల్ల మీద పెట్టాడు.

జట్కా కోసం బయట నిలబడ్డప్పుడు బుడే చెట్టు కింద కనిపించాడు. హనుమాయమ్మగారు అతని దగ్గరికి వెళ్ళారు. రాత్రి విన్నది ఎవరికీ చెప్పొద్దని అడుగుదామనే వెళ్ళారట. అది మాత్రం నోట రాలేదు. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, మేం అడక్కుండానే అంత రాత్రి నీళ్ళెందుకు తెచ్చావు అన్నారు.

బుడే తెల్లబోయాడు.

“అడక్కుండా ఎందుకు తెస్తానమ్మా? నిద్రపోతున్నవాణ్ణి, మీ మనిషే కదా వచ్చి లేపింది.”

“మా మనిషెవరు? మేమిద్దరమే వచ్చాం.”

“లుంగీ కట్టుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని... పొలాన్నించి సరాసరి వచ్చినట్టున్నాడు. ఒళ్ళంతా మందు కంపు. పడమటి గదికి నీళ్ళు అన్నాడు. మీ పాలేరనుకున్నా.” బుడే అటూ ఇటూ చూశాడు. “మీతో రాలేదా?”

ఈ సంగతి హనుమాయమ్మగారు భర్తకి ఆ రోజూ చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు. చీరాల బస్టాండులో మాత్రం పేటకి టిక్కెట్లు తీసుకోనివ్వలేదు. ఏ ఊరికి వెళ్ళాలో తనే కండక్టరుకి చెప్పింది. ఆ ఊరి పేరు వినగానే యలమందయ్య కళ్ళు మూసుకున్నాడు. కానీ దిగిపోలేదు.

మరియదాసు ఇల్లు ఊరి చివర, చర్చి వెనక. అతని భార్య రెబ్కా వాకిట్లో చాప మీద నాసిరకం పత్తి ఎండబోసి, చెత్త ఏరుతోంది. వీళ్ళని చూసి లేచింది. కూర్చోమనలేదు. యలమందయ్య నిలబడే మొత్తం చెప్పాడు. రాత్రి తలుపుకి చెప్పిన మాటలే మళ్ళీ చెప్పాడు. కాకపోతే ఈసారి పగలు, మనిషి మొహం చూస్తూ.

కొడుతుందనుకున్నారు హనుమాయమ్మగారు. శాపనార్థాలు పెడుతుందనుకున్నారు. రెబ్కా కొంగు నోట్లో కుక్కుకుంది.

“మా ఆయన చెప్పాడు” అంది, కొంగు తీసి. “మందులోనే ఏదో ఉంది రెబ్కా అన్నాడు. నేనే నమ్మలా. అంత పెద్ద కొట్టాయన అబద్ధమాడతాడా, నీకే చేతకాదన్నాను. ఆ పొద్దున నేను ఆ మాట అన్నాకే చేలోకి పోయాడు.”

ఇక్కడ, చీకట్లో హనుమాయమ్మగారు ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. అంతవరకూ ఆ పాపం తమ ఇంట్లోనే ఉందనుకున్నారట. ఆ ఇంట్లో కూడా ఒక మనిషి దాన్ని పగలూ రాత్రీ మోస్తోందనీ, చెయ్యని తప్పుకి మోస్తోందనీ అప్పుడే తెలిసింది.

రెబ్కా కళ్ళు తుడుచుకుని యలమందయ్యని ఒకటే అడిగింది.

“ఆ డబ్బాలు ఇంకా ఎవరెవరిళ్ళల్లో ఉన్నాయి?”

ఆయన పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె పూర్తిగా వినలేదు. తలుపు దగ్గరికి వేసి, కొంగు నడుముకి బిగించి, వీధిలోకి నడిచింది. వీళ్ళు వెనకాల వెళ్ళారు.

ఇంటింటికీ వెళ్ళారు. ప్రతి గుమ్మం దగ్గరా యలమందయ్య నిజం చెప్పడం, వాళ్ళు లోపలికెళ్ళి డబ్బా తెచ్చి బయట పడెయ్యడం. ఒక ఇంట్లో ముసలాయన గడ్డపార తీశాడు. ఇంకో చోట ఆడవాళ్ళు దుమ్మెత్తి పోశారు. కొందరు ఆయన కాలరు పట్టుకోబోయారు. అప్పుడల్లా రెబ్కా ఏమీ అనకుండా మధ్యలోకొచ్చి నిలబడేది. మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషే అడ్డం నిలబడితే ఇంకెవరు చెయ్యెత్తుతారు? గడ్డపారలు కిందికి దిగేవి.

తర్వాత కేసు అయింది. కొట్టు పోయింది, మేడ పోయింది. యలమందయ్య జైలుకెళ్ళి వచ్చాడు. వచ్చాక ఎన్నాళ్ళో బతకలేదు. బతికినన్నాళ్ళూ ఎవరు తలుపు తట్టినా తనే లేచి వెళ్ళి తీసేవాడట.

“మరి రెబ్కా మిమ్మల్ని క్షమించిందా?” అని అడిగాను.

చీకట్లో మిరపకారం ఘాటు, ఆవిడ చేతుల్లోంచో చీరలోంచో, నా దాకా వచ్చింది.

“పొద్దుగూకేదాకా మా ముందే నడిచింది. ఆయన మీద ఒక్క దెబ్బ పడనివ్వలేదు” అన్నారు. “కానీ ఆ రోజంతా... ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి మా మొహం చూళ్ళేదు టీచరమ్మా.”