పలకరింపు లోపం

లోతూరులో ఎవరైనా చెవిలో పిన్నీసు పెట్టి తిప్పుకుంటూ దొరికితే, వారం రోజులు వంటశాలలో అంట్లు తోమాల్సిందే. చిన్నా పెద్దా తేడా లేదు. ఒకసారి ఊరికి పెద్దయిన నివాసాధికారి అత్తగారే దొరికిపోయి, అల్లుణ్ణి తిట్టుకుంటూ తోమింది. కోట్ల మైళ్లు ఎగిరి కుజగ్రహం దాకా వచ్చిన మనిషి, ఆ పిన్నీసును మాత్రం భూమ్మీద వదిలిపెట్టి రాలేకపోయాడు!

చట్టం అంత గట్టిగా ఉండటానికి కారణం ఉంది. లోతూరు ఎర్రనేల అడుగున తవ్వుకున్న ఊరు. పైన పీల్చడానికి పనికొచ్చే గాలి లేదు. కింద ఉన్నదంతా యంత్రాలు తయారుచేసిన గాలే. గోడలో ఎక్కడైనా సూదిబెజ్జం పడితే ముందుగా సన్నటి బుస వినిపిస్తుంది. దాన్ని పట్టుకునే పరికరాలు ఉన్నాయి. అవి మొరాయించిన రోజున మాత్రం ఊరిని కాపాడాల్సింది మనిషి చెవే. అందుకని పాలు తాగే బిడ్డ దగ్గర్నుంచి పళ్లూడిన తాత దాకా అందరూ నెలనెలా చెవులు చూపించుకోవాలి.

ఆ చెవులన్నీ చూసేది డాక్టర్ వకుళ ఒక్కతే. యాభై దాటిన మనిషి. మాట మెత్తన, పని గట్టి. రాత్రింబగళ్లు తిరిగే గాలిపంకాల హోరుకి లోతూరు జనం చెవుల్లోని కేశకణాలు, అంటే హెయిర్ సెల్స్, చచ్చిపోతూ ఉంటాయి. భూమ్మీద ఒకప్పుడు పోయిన కేశకణం పోయినట్టే. ఇప్పుడలా కాదు. వకుళ దగ్గర మొలకచుక్కలు ఉన్నాయి. ఏడాదికోసారి వేయించుకుంటే కేశకణాలు నారుమడిలా మళ్లీ మొలుస్తాయి. ఆ చుక్కల పుణ్యమా అని లోతూరులో చెవిటివాడన్నవాడు లేడు.

జనం వచ్చేవాళ్లు, కుడిచెవి తిప్పేవాళ్లు, ఎడంచెవి తిప్పేవాళ్లు, “బాగున్నాయా?” అని చెవుల సంగతి అడిగి వెళ్లిపోయేవాళ్లు. వకుళ ఎలా ఉందని అడగడం ఎవరికీ తోచేది కాదు. ఆసుపత్రి వెనక గదిలో ఒంటరిగా ఉండే ఆమెకి, ఇన్ని చెవుల మధ్య తన మాట వినే చెవి ఒక్కటీ లేదే అని దిగులుగా ఉండేది.

ఒకరోజు నివాసాధికారి ఇందుశేఖర్ పంపుల గదిలో పనిచేసే పైడయ్యని వెంటబెట్టుకొచ్చాడు. విజయనగరం వైపు నుంచి, ఊరు తవ్విన తొలిరోజుల్లో వచ్చినవాడు పైడయ్య. డెబ్బైకి దగ్గరపడ్డాడు. అయినవాళ్లంటూ ఇక్కడా లేరు, అక్కడా లేరు.

“నిన్న ఆవిరి వదులుతున్నాం, తప్పుకోమని వెనకనుంచి కుర్రాళ్లు చెవికోసిన మేకల్లా అరిచారండీ. ఈయన కదల్లేదు. పక్కకి లాగబట్టి బతికాడు. పిలిస్తే వినబడుతుందని తేలితే ఉద్యోగంలో ఉంచుతాం. లేకపోతే వచ్చే నౌకలో భూమికి పంపేయాలి. నిబంధన అలా ఉంది, నేనేం చెయ్యను?” అన్నాడు ఇందుశేఖర్.

భూమికి పంపడమంటే ఏమిటో ముగ్గురికీ తెలుసు. ఇన్నేళ్లు కుజుడి తేలిక బరువుకి అలవాటుపడ్డ ముసలి ఎముకలు భూమ్మీద నిలబడలేవు. మంచంలో పడుకోబెట్టి దింపుతారు. మళ్లీ లేచేది ఉండదు.

వకుళ పరీక్ష చేసింది. పైడయ్య చెవులు పాతికేళ్ల కుర్రాడి చెవుల్లా ఉన్నాయి. సూది పడిన చప్పుడు కూడా పట్టుకున్నాడు.

“మరి పిలిస్తే పలకడేం? చెవుడు నటిస్తున్నాడా?” అన్నాడు ఇందుశేఖర్.

“నానేటి నటిస్తాను బాబూ?” అన్నాడు పైడయ్య చిన్నబోయి. “నిజంగానే ఇనబడనేదు.”

వకుళ నౌక వచ్చేదాకా గడువడిగింది. చాలాకాలంగా తను తయారుచేస్తున్న యంత్రాన్ని బయటికి తీసింది. దానికామె పెట్టుకున్న పేరు ఆలకిని.

చెవి అంటే తెరిచి పెట్టిన కిటికీ అని, శబ్దం దానంతటదే లోపలికి వస్తుందని చాలామంది అనుకుంటారు. అంత తేలిక కాదు. చెవి నుంచి మెదడుకి నరాలు వెళ్లినట్టే, మెదడు నుంచి చెవికీ నరాలు దిగుతాయి. కాక్లియా అనే నత్తగుల్లలో ఉండే కేశకణాలు ఆ నరాలు చెప్పినట్టు బిగుసుకుంటాయి, సడలుతాయి. ఆ కదలికల్లో చెవి తనే అతిసన్నటి శబ్దం ఒకటి చేస్తుంది. ఆలకిని ఆ శబ్దాన్ని వింటుంది. మనిషి ఎవరి గొంతుకోసం ఎదురుచూస్తాడో, ఆ గొంతు రాకముందే చెవి దానికి తగ్గట్టు సర్దుకుని కూర్చుంటుంది. వకుళ దానికి శ్రవణోన్ముఖత అని బరువైన పేరు పెట్టింది. తెరమీద అది ఒక గీతలా లేస్తుంది. పసిబిడ్డ చెవికి తల్లి గొంతు వినిపిస్తే ఆ గీత నిటారుగా లేచేది.

పైడయ్యకి ఊళ్లోవాళ్ల గొంతులన్నీ వినిపించింది వకుళ. ఒక్కదానికీ గీత లేవలేదు. ఆ చెవి ఎవరికోసమూ ఎదురుచూడటం లేదు.

“పైడయ్యగారూ, మిమ్మల్ని ఎవరైనా పలకరించి ఎన్నాళ్లయింది?” అని అడిగింది.

ఆయన వేళ్లమీద లెక్కపెట్టబోయి వదిలేశాడు. “పని సెప్పడానికి గోడమీద అచ్చరాలొస్తాయి గదమ్మా. ఇంక నోటితో సెప్పడమెందుకు? మా ఊర్లో అయితే ఎదురుపడ్డోడల్లా ఏటి కూర అని అడిగీవోడు. ఇక్కడ అందరికీ ఒకటే వంటశాల. ఏటి కూరో అందరికీ తెలిసిందే. ఇంకెవుడడుగుతాడు?”

నవ్వొచ్చే మాటే. వకుళ మాత్రం నవ్వలేకపోయింది. తెలుగువాడు ‘ఏం కూర’ అని అడిగేది కూర సంగతి తెలుసుకోవడానికా? తెలిసిన జవాబుకోసం ప్రశ్నెందుకని లోతూరు మానేసింది. దాంతోపాటే పలకరింపూ పోయింది. ఎవరూ పిలవకపోతే, పిలుపు కోసం చూడటం మానేసింది చెవి. అలాంటి చెవికి కేక కూడా పంకాల హోరులో కలిసిపోతుంది.

చీటీ మీద ‘పలకరింపు లోపం’ అని రాసింది. మందు కూడా తనే అయింది. రోజూ మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక పంపుల గదికి వెళ్లి, “పైడయ్యగారూ, ఏం కూర?” అనేది. మొదట్లో ఆయన ఉలిక్కిపడేవాడు. తర్వాత, “మీరు తిన్నదే డాక్టరమ్మా, ఆ గడ్డి పప్పే!” అని నవ్వేవాడు. పోనుపోను కబుర్లు పెరిగాయి. నౌక రావడానికి ముందు మళ్లీ పరీక్ష చేస్తే, వకుళ గొంతుకి గీత నిటారుగా లేచింది. ఒకసారి మేలుకున్న చెవి మిగిలిన గొంతుల్నీ పట్టుకోవడం మొదలుపెట్టింది. కుర్రాళ్లు వెనకనుంచి పిలిస్తే పైడయ్య ఠక్కున తిరిగాడు. నౌక ఆయన లేకుండానే వెళ్లింది.

ఆ గీతని చూసి వకుళకి కన్నీళ్లొచ్చాయి. తను వస్తుందని ఒక చెవి ఎదురుచూస్తోంది. అదెంత సంతోషమో, ఎవరికోసమో తలుపు తీసి పెట్టుకున్నవాళ్లకే తెలుస్తుంది.

అయితే అక్కడితో ఆగితే ఇది మనుషుల కథెందుకవుతుంది? ఇందుశేఖర్ ఊరందరికీ ఆలకిని పరీక్ష చేయించాడు. సగం ఊరి గీతలు పడుకునే ఉన్నాయి. కంగారుపడి, రోజూ ఒకరినొకరు పలకరించుకోవాలని చాటింపు వేశాడు. జనం తలూపారు. ఒక చెవితో విని రెండో చెవితో వదిలేశారు. ఒకరికి పని, ఒకరికి సిగ్గు, ఒకరికి పక్కింటివాడితో పాత తగాదా.

“లాభంలేదండీ,” అంటూ ఇందుశేఖర్ వకుళ దగ్గరికొచ్చాడు. “గోడల్లో మాట్లాడే పెట్టెలు పెడతాను. ప్రతివాణ్ణీ పేరుపెట్టి పిలుస్తాయి, కుశలం అడుగుతాయి, బదులిస్తే కబుర్లాడతాయి. గొంతు మాత్రం మీది కావాలి. పైడయ్యని లేపిన గొంతు కదా!”

“మనుషులే పలకరించుకుంటే పోయేదానికి యంత్రమెందుకండీ?”

“చెప్పి చూశాం కదా. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఊరి ప్రాణాలతో పని, కాదనకండి.”

వకుళ కాదనలేదు. ఊరి క్షేమం ఒక కారణం. ఊరందరి చెవులూ తన గొంతుకోసం చూస్తాయన్న ఆశ ఇంకో కారణం. రెండోది ఎవరితోనూ అనలేదు.

గోడకి చెవులుంటాయని పెద్దలన్నారు. లోతూరులో గోడకి నోరొచ్చింది. “ఏం కూర?” అని వకుళ గొంతుతో గోడలు పిలుస్తుంటే, జనం చేతిలో పని మానకుండా బదులు చెప్పడం నేర్చుకున్నారు. గోడని చూస్తూ మాట్లాడాల్సిన అవసరం ఏముంది? నెల తిరిగేసరికి ఊరంతటి గీతలూ లేచి కూర్చున్నాయి. పిల్లలు ఆ గొంతు వినందే నిద్రపోవడం మానేశారు. ఇందుశేఖర్ వకుళకి సభ చేసి శాలువా కప్పాడు.

సభ అయ్యాక ఆమెతో ఎవరూ మాట్లాడలేదు. వంటశాలలో పక్కన కూర్చున్నావిణ్ణి నోరారా పలకరిస్తే, ఆవిడ పళ్లెంలోంచి తల ఎత్తకుండానే, “ఆఁ, ఇందాకే చెప్పానుగా, చాలు,” అంది. గోడ మాటలు ఆపాలంటే ‘చాలు’ అనాలి. అది ఊరందరికీ అలవాటైపోయింది. వకుళ ఎవరిని పిలిచినా ‘చాలు’ అనే వినబడింది. ఆమెకి ఏడుపొచ్చింది. పెట్టెల్లో తన గొంతు తీసేయమని ఇందుశేఖర్‌ని అడిగింది. “ఊరు ఒప్పుకోదండీ, మీరంటే అంత ఇష్టం వాళ్లకి!” అన్నాడతను.

పైడయ్య అయినా మాట్లాడతాడని, ఒక మధ్యాహ్నం పంపుల గదికి వెళ్లింది. పెట్టెలు వచ్చాక, గోడే పలకరిస్తోంది కదా అని ఆమె అటు వెళ్లలేదు. ఆయన అటు తిరిగి, మోచేతుల దాకా పంపులో చేతులు పెట్టి ఏదో బిగిస్తున్నాడు.

“పైడయ్యగారూ!”

“ఆఁ, వచ్చినావా తల్లీ?” అన్నాడాయన తిరక్కుండానే. “ఇయ్యాల రెండోసారి పిలస్తన్నావేటి?”

నేను గోడని కాదండీ అనే మాట ఆమె నోటిదాకా వచ్చింది. అంతలోనే ఆయన అందుకున్నాడు.

“ఒక మాటున్నాది నా మనసులో. డాక్టరమ్మని సూసొద్దామని సానా రోజుల్నుంచీ అనుకుంతన్నాను. నన్ను బతికించిన తల్లి. ఒక్కర్తీ ఉంతాది. తిన్నాదో లేదో అడిగీవోళ్లు లేరు.”

“మరి వెళ్లలేదేం?” అంది వకుళ, గోడ అడిగినట్టే.

“ఎందుకులే. ఆయమ్మ గొంతు దినమూ ఇంతానే ఉన్నాను. ఎల్లినట్టే ఉన్నాది. నువ్వున్నావు కదా.”

ఆయన భుజం చేతికందే దూరంలోనే ఉంది. తడితే చాలు, తిరిగి చూస్తాడు. నొచ్చుకుంటాడు, కూర్చోమంటాడు. రేపట్నుంచి మళ్లీ గోడతోనే మాట్లాడతాడు. వకుళ చెయ్యెత్తింది, దించేసింది.

“నువ్వేటైనా తిన్నావా?” అని నవ్వాడు పైడయ్య. “నా పిచ్చిగానీ, గోడవి, నువ్వేటి తింతావులే.”

“తినలేదు,” అంది వకుళ.

ఆయన పకపకా నవ్వాడు. గోడకి వేళాకోళం కూడా వచ్చిందన్నాడు. చిన్నప్పటి ఊరి గురించి, అక్కడి చేపల పులుసు గురించి చెప్పుకుంటూ పోయాడు. వకుళ మధ్యమధ్య ఊఁ కొట్టింది, ప్రశ్నలడిగింది, ఒకటి రెండుసార్లు తనూ నవ్వింది. తనతో ఎవరైనా అంతసేపు మాట్లాడి ఎంత కాలమైందో ఆమెకి గుర్తులేదు. ఆయన చేతులు బయటికి తీయబోయేవేళకి, చప్పుడు కాకుండా బయటికొచ్చేసింది.

మర్నాడు ఆ వేళకంటే కాస్త ముందే వెళ్లింది. గది ఖాళీగా ఉంది. గోడలోని పెట్టె వెనక్కి చెయ్యి పోనిచ్చి తీగ పీకేసింది. పైడయ్య వచ్చి, పంపు మూత తీసి, అటు తిరిగి పనిలో పడేదాకా పైపుల వెనక నిలబడింది. అప్పుడు, గోడ పిలిచినట్టే ఆయన్ని పిలిచింది.