చివరి గదిలో మూలుగు

గ్రీజులు పరీక్షించే మా అక్క ల్యాబులో చివరి గదికి మంచి పేరు లేదు. రిటైరైన నెలకే పోయిన పాత టెస్టరు ఇంకా డ్యూటీ దిగలేదని చెప్పుకుంటారు. బతికుండగా ఆయనకి పని మీద అంత శ్రద్ధ లేదట.

ఆ గదిలో ఒక యంత్రం. గ్రీజు పూసిన ఇనుప పలక మీద ఉక్కు గుండు రాత్రంతా రుద్దుకుంటూ తిరుగుతుంది. రాపిడి ఎంతో కంప్యూటరు గీత గీస్తుంది. గ్రీజు పలచబడేకొద్దీ గీత పైకి పోవాలి. కంపెనీ కొత్త గ్రీజుకీ పోతోంది... కానీ రాత్రి రెండింటికి దబ్బున కింద పడుతోంది. రోజూ!

"మన గ్రీజు తన గాయం తనే మాన్పుకుంటోంది!" అని మేనేజరు మురిసిపోయాడు. "అదెలాగో రేపటికల్లా రాసివ్వమ్మా. నీ పర్మినెంటు ఆర్డరు నా బల్ల మీదే ఉంది."

అక్కది మూడేళ్లుగా టెంపరరీ ఉద్యోగమే. దెయ్యం కంటే ఆ మాటకే ఎక్కువ భయపడింది. ఆ రాత్రి లైటార్పి, బీరువా వెనక స్టూలు వేసుకుని కూర్చుంది.

ఒంటిగంటన్నర... గీత పైకి పాకుతోంది.

రెండవుతుండగా — మూలుగు! సన్నగా, ఎవరో పళ్లు కొరుకుతున్నట్టు. అక్కకి చెమటలు పట్టాయి. తలుపు కిర్రుమంది. అడుగుల చప్పుడు లేదు... చీకట్లో తెల్లటి చెయ్యొకటి యంత్రం మీదికి సాగింది.

"ఊరుకో... ఊరుకో నాయనా..."

మూలుగు ఆగిపోయింది. గీత దబ్బున పడింది.

అక్క లైటు వేసింది. వాచ్‌మన్ తాత! చెప్పులు గుమ్మం బయట విడిచాడు. చేతికి తెల్లటి ల్యాబు తొడుగు, వేలి నిండా గ్రీజు.

"తాతా! ఏంటిది?"

"గట్టిగా అనకమ్మా, ఆయన వింటాడు. రెండయ్యేసరికి పాపం ఏడుస్తాడు. ఇంత పూస్తే పడుకుంటాడు. రెండు నెలల్నించీ నేనే పూస్తున్నా."

"ఏ డబ్బాలోది?"

తాత అలమర వైపు చూపించాడు. పోల్చి చూడ్డానికి తెప్పించిన పోటీ కంపెనీ గ్రీజు.

"మొదట మనదే పూశానమ్మా," అన్నాడు తాత సంజాయిషీగా. "ఆయనకి పడలేదు."

తెల్లారేదాకా అక్క కాగితం ముందు కూర్చుంది. నిజం రాస్తే ఆ ఆర్డరు చెత్తబుట్టలోకే. చివరికి, మన గ్రీజు తన గాయం తనే మాన్పుకుంటోందని నాలుగు పేజీలు రాసి సంతకం పెట్టింది. ఇది వింటున్నప్పుడు నాకు నిజంగానే భయమేసింది.

ఆర్డరు చేతికొచ్చిన సాయంత్రమే వెళ్లి, తాతకి రెండింటికి మోగేలా పెట్టి అలారం గడియారం కొనిచ్చింది.